యూనస్ ఒంటరిగా ఎగిరిన ఆదివారం

యూనస్ గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటే నాకు చెయ్యి రాదు. అయినా రాస్తున్నాను. అతని గురించి ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒక మనిషిని ఇష్టపడేవాడు అతన్ని అప్పుడప్పుడూ చూస్తాడు. చూసి కుళ్ళుకునేవాడు మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తాడు. నేను ఆ రెండో రకం.

నా పేరు హరిచరణ్. నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో పంతొమ్మిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. యూనస్‌ది పెనుగంచిప్రోలు. పద్నాలుగేళ్ళ కిందట నా క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. ఫిజిక్స్ రెండుసార్లు తప్పాడు. రెండోసారి తప్పినప్పుడు నేనే పిలిచి, "నీకు పుస్తకం పడదురా, వేరే పని చూసుకో" అన్నాను. బుద్ధిగా తలూపి వెళ్ళిపోయి, వాళ్ళ నాన్న నాసర్ నడిపిన ట్రాక్టరు ఎక్కాడు. ఇన్నేళ్ళలో నా సలహా విని బాగుపడిన శిష్యుడు అతనొక్కడే.

బాగుపడ్డాడనే చెప్పాలి. మునేరు పక్క పొలాల్లో నాట్లకి ముందు దమ్ము చేయించాలంటే రైతులు యూనస్ ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్ళు. ఇనప చక్రాలు తగిలించిన ట్రాక్టరుని మోకాటి లోతు బురదలో గట్టు చెదరకుండా మూల దాకా తీసుకెళ్ళి, అక్కడికక్కడే తిప్పేవాడు. దానికి స్టీరింగు చాలదు. ట్రాక్టరుకి ఎడమ చక్రానికొక బ్రేకు, కుడి చక్రానికొక బ్రేకు ఉంటాయి. ఏ పక్కకి తిరగాలో ఆ పక్క బ్రేకు తొక్కాలి. అంటే బండిని కాళ్ళతో తిప్పాలి. రోడ్డు మీద పోతూ పోతూ, "బాబాయ్, నీ మోటారు బేరింగు పోయేట్టుంది, చూసుకో" అని కేకేసి పోయేవాడట. చప్పుడు వింటే చాలు, ఇంజన్ కడుపులో ఏముందో చెప్పేసేవాడు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే పిచ్చి, విమానం. గాలి ఒత్తిడి పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రెక్క బొమ్మ గీసి, సిలబస్‌లో లేనిది కూడా చెప్పేవాణ్ణి. పిల్లలు ఆవలించేవాళ్ళు. నలభై నాలుగేళ్ళు వచ్చేసరికి నేను విమానం ఎక్కింది రెండే సార్లు, రెండుసార్లూ కిటికీ పక్క సీటు దొరకలేదు.

మూడేళ్ళ కిందట వెస్లీ గారు వచ్చారు. ఆయన జగ్గయ్యపేట మనిషే. పాతికేళ్ళు వైమానిక దళంలో పనిచేసి రిటైరయ్యారు. అందరూ కెప్టెన్ గారు అంటారు. జగ్గయ్యపేట అవతల మూతపడిన ఫ్యాక్టరీ ఒకటుంది. దాని డైరెక్టర్లు దిగడానికి ఒకప్పుడు వేసుకున్న చిన్న రన్‌వేని ఆయన బాగుచేయించి, రెండు సీట్ల తేలికపాటి విమానం ఒకటి తెచ్చి, సరదాగా నేర్చుకునేవాళ్ళ కోసం క్లబ్బు పెట్టారు. మెడికల్ పరీక్ష, పోలీసు విచారణ, నోటి పరీక్ష, అన్నీ దాటితే విద్యార్థి పైలట్ లైసెన్సు. మొదటి రోజునే వెళ్ళి చేరింది నేను.

విమానం పెట్టే షెడ్డు గోడకి కెప్టెన్ గారు ఒక రేకు బోర్డు కొట్టించారు. దాని మీద "ఒంటరిగా ఎగిరినవారు" అని రాయించి కిందంతా ఖాళీగా వదిలారు. పక్కన నేర్పేవాడు లేకుండా, విమానంలో ఒక్కడే కూర్చుని ఒక చుట్టు తిరిగి దిగినవాడి పేరు అందులో ఎక్కుతుంది. ఆ మొదటి వరస నాదే అనుకున్నాను. నాకు కాక ఇంకెవరికి?

యూనస్ అక్కడికి నేర్చుకోవడానికి రాలేదు. రన్‌వే పక్క గడ్డి కొట్టడానికీ, వాన పడ్డాక నేల చదును చెయ్యడానికీ ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. పని అయ్యాక ఒకరోజు కెప్టెన్ గారు సరదాగా అతన్ని పక్క సీట్లో ఎక్కించుకున్నారు. దిగాక నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "హరిచరణ్ గారూ, ఈ కుర్రాడి కాళ్ళు చూశారా? వీడికి నేను నేర్పేది సగమే."

సంగతేమిటంటే, విమానం నేల మీద కదిలేటప్పుడు స్టీరింగులా చేతిలో ఉండే కర్ర తిప్పితే తిరగదు, కాళ్ళ కింద పెడల్స్ తొక్కాలి. కారు నడిపిన ప్రతివాడూ మొదట చేతులు తిప్పుతాడు. నేనూ తిప్పాను. తిప్పి తిప్పి మొదటి వారంలో మూడుసార్లు గడ్డిలోకి పోయాను. ఆ గడ్డిలోంచి విమానాన్ని వెనక్కి తోసింది యూనస్. "దమ్ము చేసినట్టే సార్, కాళ్ళతో అనుకోండి" అన్నాడు. ఫిజిక్స్ రెండుసార్లు తప్పినవాడు నాకు చెప్పాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

రన్‌వే పని చేసిపెట్టినందుకు బదులుగా కెప్టెన్ గారు అతనికి నేర్పడం మొదలుపెట్టారు. అతనితో కలిపి ఏడుగురం నేర్చుకుంటుంటే, వానాకాలం దాటేసరికి మేమిద్దరమే మిగిలాం. నోటి పరీక్షకి చదవాల్సిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. కెప్టెన్ గారు నాకే అప్పగించారు. "మీరు లెక్చరర్ కదా, వీడికి కాస్త చెప్పండి." కాదనడానికి నోరు రాలేదు.

అప్పటి నుంచి ప్రతి బుధవారం సాయంత్రం యూనస్ నందిగామ వచ్చి మా వరండాలో కూర్చునేవాడు. మొదట్లో కావాలనే గబగబా చెప్పేవాణ్ణి. అర్థం కాకపోతే మళ్ళీ అడిగేవాడు, సిగ్గుపడేవాడు కాదు. ఒకసారి గాలి దిశ గురించి అరగంట లెక్కలతో చెప్పాను. అంతా విని, "మిర్చికి మందు కొట్టేటప్పుడు మేం చూసేది ఇదే కద సార్. గాలికి ఎదురు కొడితే మన మొహాన్నే పడుద్ది" అన్నాడు. నా అరగంట పాఠం ఒక్క ముక్కలో తేలిపోయింది. అవునని ఒప్పుకోకుండా పేజీ తిప్పాను.

జనవరికి నావి ఇరవై రెండు గంటలు, అతనివి పద్నాలుగు. గంటలు నావే ఎక్కువ. దిగడం మాత్రం నాకు పట్టుబడలేదు. నేను వేగం చూపించే ముల్లు చూసి, ఎత్తు చూసి, మనసులో లెక్క కట్టేవాణ్ణి. లెక్క తేలేలోపు నేల వచ్చేసేది. యూనస్ ముల్లు చూసేవాడే కాదు. ఇంజన్ మోత విని, రెక్కల మీద గాలి చప్పుడు విని, బస్తా దింపినట్టు మెల్లగా దింపేవాడు. ఒక గురువారం కెప్టెన్ గారు ఫోన్ చేసి, "ఆదివారం యూనస్‌ని ఒంటరిగా పంపుతున్నా. మీ దిగడం కూడా కుదురుకుంటోంది, పై ఆదివారం మీ వంతు. మీరూ రండి, మీ శిష్యుడే కదా" అన్నారు. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి చెయ్యి కడుక్కుని లేచాను.

ఆ ఆదివారం పొద్దున గాలి లేదు, మంచు కూడా త్వరగా విడిచింది. కెప్టెన్ గారు యూనస్‌తో కలిసి రెండు చుట్లు తిరిగి వచ్చి ఇంజన్ ఆపించారు. ఇద్దరూ విమానం చుట్టూ తిరిగి అన్నీ తడిమి చూశారు. తర్వాత అనుమతి కోసం రేడియోలో మాట్లాడటానికి ఆయన, రిజిస్టరులో సంతకం పెట్టడానికి యూనస్ షెడ్డులోకి వెళ్ళారు. విమానాన్ని ఒంటరిగా వదలకూడదన్నది అక్కడి నియమం. "హరిచరణ్ గారూ, మీరిక్కడే ఉండండి" అని నన్ను కాపలా పెట్టారు.

అప్పుడే యూనస్ వాళ్ళమ్మ సర్దార్‌బీ వచ్చింది. కొడుకుని చూడ్డానికి పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చిన మనిషి. పొట్టిగా, నా చెయ్యి కింద నించి నడిచిపోయేంత ఉంటుంది. కొంగు ముడి విప్పి ఒక నిమ్మకాయ తీసింది.

"కొత్త బండి ఎక్కుతుంటే నిమ్మకాయ లేకపోతే ఎట్టా బాబూ? ట్రాక్టరు కొన్నరోజు కూడా నేనే కట్టా. అదిగో, రెక్క కింద మేకులా ఉందే, దానికి గుచ్చుదామంటే నాకు అందట్లా. మీరు కాస్త గుచ్చి పెట్టండి."

అది మేకు కాదు. కుడి రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చి ఉన్న సన్నటి గొట్టం. ఎదురుగాలి అందులో దూరితేనే లోపల ముల్లు వేగం ఎంతో చెబుతుంది. పైలట్ కూర్చునేది ఎడమ పక్క, అక్కడ నుంచి అది కనబడదు.

"నరుడి కంటికి నల్లరాయైనా పగులుద్దంటారు. ఇంతమంది చూస్తన్నారు మా వాణ్ణి" అంది.

ఇంతమంది అంటే అక్కడ ఉన్నది నేనొక్కణ్ణే.

నిమ్మకాయ నా చేతిలో పెట్టింది. ఆ కాసేపట్లో నా బుర్ర పనిచేసినంత చురుగ్గా పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ పనిచెయ్యలేదు. గొట్టం మూసుకుపోతే రన్‌వే మీద ఎంత పరుగెత్తినా ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. ముల్లు కదలకపోతే సగం దూరంలోనే ఇంజన్ తగ్గించి ఆపెయ్యాలని కెప్టెన్ గారు మాకు వందసార్లు చెప్పారు. యూనస్ ఆపేస్తాడు. కెప్టెన్ గారు నిమ్మకాయ చూస్తారు, మండిపడతారు, యూనస్‌ని కొన్నాళ్ళు ఆగమంటారు. ఎవరికీ దెబ్బ తగలదు. పై ఆదివారానికి నా వంతు వస్తుంది. మొదటి వరస నాది.

చెయ్యెత్తి గుచ్చాను. మెత్తగా దిగిపోయింది. రసం మోచేతి దాకా కారింది. "మీ చెయ్యి చల్లగా ఉండాలి బాబూ" అని సర్దార్‌బీ పక్కకి తప్పుకుంది.

యూనస్ పరుగున వచ్చాడు. విమానం వదిలి వెళ్ళొస్తే మళ్ళీ ఒకసారి చుట్టూ తిరిగి చూసుకోవాలి, అదీ నియమమే. అతను రెక్క దాకా వచ్చి నన్ను చూసి ఆగాడు.

"అంతా బానే ఉందా సార్?"

"బానే ఉంది" అన్నాను.

ఎక్కి కూర్చున్నాడు. ఇంజన్ మోగింది. కెప్టెన్ గారు చేతి రేడియోతో బయటికి వచ్చి నా పక్కన నిలబడ్డారు. విమానం పరుగందుకుంది. సగం దూరం వచ్చింది. ఇప్పుడు ఆగుతుంది అనుకున్నాను. ఆగలేదు. వాడు ముల్లు చూడడని ఈ చుట్టుపక్కల నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? తెలిసి కూడా మర్చిపోయాను. చక్రాలు నేల విడిచాయి.

అప్పుడు గుర్తొచ్చింది మిగతా పాఠం. గొట్టం మూసుకుపోతే లోపలి గాలి అక్కడే చిక్కుకుపోతుంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి పల్చబడుతుంది. ఆ తేడానే ముల్లు వేగం అనుకుంటుంది. అసలు వేగం పెరగకపోయినా అమాంతం పెరిగినట్టు చూపిస్తుంది. అది నమ్మి, తగ్గిద్దామని విమానం ముక్కు పైకెత్తాడా, రెక్కలకి పట్టు తప్పి కింద పడతాడు. ఇది నేను క్లాసులో బోర్డు మీద గీసి చెప్పగలను. నిమ్మకాయ గుచ్చేటప్పుడు గుర్తు రాలేదు. రాలేదనే అనుకుంటున్నాను.

నోరు తెరిచి చెప్పాల్సింది అప్పుడే. పైకి చూస్తూ నిలబడ్డాను. పక్కన సర్దార్‌బీ కొడుకుని చూసి నవ్వుతోంది.

రేడియో గరగరలాడింది. "కెప్టెన్ సార్, స్పీడు ముల్లుకి పిచ్చెక్కింది. ఎక్కేకొద్దీ పెరుగుతోంది."

కెప్టెన్ గారి మొహం పాలిపోయింది. గొంతు మాత్రం మారలేదు. "ముక్కు ఎత్తకు యూనస్."

"ఎత్తట్లేదు సార్. ఇంజన్ మామూలుగానే ఉంది. గాలి చప్పుడు మామూలుగానే ఉంది. ముల్లే అబద్ధం చెబుతోంది."

ఒక చుట్టు తిరిగి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ వాడు బతకాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అది నిజం. వాడు అంత నిబ్బరంగా మాట్లాడుతున్నందుకు ఆ మధ్యలో కూడా ఒకసారి కడుపు రగిలింది. అదీ నిజమే. విమానం రన్‌వే చివర కనబడింది, వంగింది, ముల్లుతో పని లేకుండా నేలని తాకింది. నేను ముల్లు పెట్టుకుని కూడా అట్లా ఎప్పుడూ దించలేదు.

నిమ్మకాయ ఇంకా గొట్టానికే ఉంది. కెప్టెన్ గారు దాన్ని పీకి అరచేతిలో పెట్టుకుని, "ఇదెవరు గుచ్చారు?" అన్నారు.

సర్దార్‌బీకి అప్పటికి అర్థమైంది. ఒక్కసారి నా వైపు చూసింది. "నేనేనయ్యా. దిష్టికని గుచ్చా. నాకేం తెలుసయ్యా" అని ఏడ్చింది.

కెప్టెన్ గారు నా వైపు తిరిగారు. "మీరిక్కడే ఉన్నారు కదా?"

"కాలేజీ నుంచి ఫోనొచ్చిందండి. అటు తిరిగా" అన్నాను.

ఆయన యూనస్‌ని పక్కకి పిలవలేదు, మా అందరి ముందే చెప్పారు. "పెద్దావిడకి తెలీదు. నీకు తెలుసు. చుట్టూ తిరిగి చూసుకోకుండా ఎక్కావు. బాగా దించావు, కాదనను. కానీ దీన్ని ఒంటరి ప్రయాణం కింద రాయను. నెల రోజులు విమానం జోలికి రాకు. వచ్చే ఆదివారం హరిచరణ్ గారు వెళతారు."

"తప్పేనండి" అన్నాడు యూనస్. సార్‌ని అడిగాను, బానే ఉందన్నారు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

బుధవారం రాడనుకున్నాను. వచ్చాడు. రోజూలాగే పుస్తకం తెరిచి, "ఇవాళ ఏ పాఠం సార్?" అన్నాడు. మబ్బుల పాఠం చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలియదు. వెళ్ళేటప్పుడు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"మా అమ్మ నా భుజం దాకా కూడా రాదు సార్. ఆ గొట్టం నాకే చెయ్యెత్తితే గానీ అందదు."

నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"అమ్మనేం అడగలేదు. కెప్టెన్ గారికీ చెప్పన్లెండి. మీరు లేకపోతే ఈ పుస్తకం నాకు కొరుకుడు పడేది కాదు." గేటు దాకా వెళ్ళి మళ్ళీ ఆగాడు. "ఆదివారం దిగేటప్పుడు ముల్లు చూడమాకండి సార్. చప్పుడు వినండి, చాలు."

తిట్టి ఉంటే బాగుండేది. పాత శిష్యుడు, పొగరెక్కింది అని సరిపెట్టుకునేవాణ్ణి. కాళ్ళలో నాకంటే మేలు, చెవిలో నాకంటే మేలు. ఆ రెండూ ఎలాగో మింగాను. ఇప్పుడు గుణంలో కూడా నన్ను దాటి పోయి, గేటు వేసి మరీ వెళ్ళాడు. నాలుగు రోజులు అదే తలుచుకున్నాను. నా పేరు బోర్డు ఎక్కుతుంది, కింద వాడు రన్‌వే చదును చేస్తూ తల ఎత్తి చూస్తాడు, చూసి నోరు మూసుకుంటాడు. వాడు దయతలచి వదిలేసిన వరసలో నా పేరుండాలి. అది నా వల్ల కాదు.

ఆదివారం కెప్టెన్ గారు విమానం దగ్గర నిలబడి, "ఎక్కండి" అన్నారు. నేను ఎక్కలేదు.

"నిమ్మకాయ గుచ్చింది నేనండి. ఆవిడకి చెయ్యి అందదు. గొట్టం సంగతి తెలిసే గుచ్చా. యూనస్ వచ్చి అడిగితే బానే ఉందని చెప్పా."

మంచివాణ్ణయి చెప్పలేదు. మంచితనం మొత్తం వాడొక్కడికే పోతుంటే ఓర్వలేక చెప్పాను.

 ఆయన, నేను ఎగిరిన గంటలు రాసే ఫ్లైటు పుస్తకం అడిగి తీసుకుని, ఆఖరి పేజీ మీద అడ్డంగా గీత కొట్టారు. "ఇక మీరు ఈ విమానం ఎక్కరు" అన్నారు. ఒక్క తిట్టు తిట్టలేదు. రన్‌వే చివర రోలరు లాగుతున్న యూనస్‌ని చెయ్యూపి పిలిచారు. ట్రాక్టరు దిగి, మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు.

"పోయిన వారం ఎగిరింది లెక్కలోకి రాస్తున్నా. నెల రోజుల మాట కూడా మర్చిపో" అన్నారు కెప్టెన్ గారు. "ఇవాళ ఇంకోసారి వెళ్ళు. ఈసారి ముల్లు పనిచేస్తుండగా."

యూనస్ నా వైపు చూశాడు. ఏం జరిగిందో అర్థమైనట్టుంది. విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు, రెండోసారి తిరిగాడు. తిరిగి వచ్చి, "సార్, ఆ గొట్టం మీరొకసారి చూడండి" అన్నాడు నాతో.

"ఇతన్నా అడిగేది?" అన్నారు కెప్టెన్ గారు.

"ఇక మీదట ఈయన చూసినంత జాగర్తగా ఎవరూ చూడరండి."

వెళ్ళాను. గొట్టం పట్టుకుని మునివేళ్ళ మీద లేచి లోపలికి చూశాను, వేలితో చుట్టూ తడిమాను, మళ్ళీ చూశాను. శుభ్రంగా ఉంది. "బానే ఉంది" అన్నాను.  అతను తలూపి ఎక్కాడు.

విమానం లేచింది. నేను ఎక్కాల్సిన విమానం, నేను ఎగరాల్సిన పొద్దు. కడుపు భగ్గుమని మండింది. వాడు ఒక చుట్టు తిరిగి దిగి, ఇంజన్ ఆపి, కాలు కింద పెట్టేదాకా నేను కళ్ళు తిప్పలేదు.